ఆర్‌టీఐ వేస్తున్నారా? ప్రశ్నలు అడగకండి, కాగితాలు అడగండి

నేను మొట్టమొదట వేసిన ఆర్‌టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తులో పదకొండు ప్రశ్నలున్నాయి. మా వీధిలో వేసిన సిమెంటు రోడ్డు రెండు వానలకే ఎందుకు లేచిపోయింది, దీనికి బాధ్యులెవరు, వాళ్ళ మీద ఏం చర్య తీసుకున్నారు, తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదు, మళ్ళీ ఎప్పుడు వేస్తారు... ఇలా ఉన్న కోపమంతా కాగితం మీద పెట్టి, ముఖ్యమైన మాటల కింద ఎర్ర పెన్నుతో గీతలు కూడా గీసి పంపాను. ఇరవై తొమ్మిదో రోజున ఒక్క లైను జవాబొచ్చింది. మీరు కోరినది చట్టం ప్రకారం "సమాచారం" నిర్వచనంలోకి రాదు, అని. ఆ రోజంతా తిట్టుకున్నా. తర్వాత చట్టం తెరిచి చదివితే తెలిసింది, ఆ అధికారి చెప్పింది చాలావరకు కరెక్టే, అడగడం రానిది నాకే.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. ఇన్నేళ్ళయినా ఇప్పటికీ చాలామంది దరఖాస్తులు నా మొదటి దాని లాగే ఉంటాయి, సగం ఫిర్యాదు, సగం తగాదా. ఈ చట్టం మనకిచ్చేది ఆఫీసులో ఇప్పటికే కాగితం మీదో కంప్యూటర్లోనో ఉన్నదాన్ని చూసే హక్కు, నకలు తీసుకునే హక్కు. ఫైళ్ళు, రిజిస్టర్లు, ఉత్తర్వులు, కాంట్రాక్టు ఒప్పందాలు, లాగ్ బుక్కులు, ఈమెయిళ్ళు అన్నీ అందులోకి వస్తాయి. కానీ "ఎందుకు" అన్నదానికి జవాబు ఏ ఫైల్లోనూ రాసి లేకపోతే, మన కోసం కూర్చుని కొత్తగా రాసివ్వాల్సిన పని అధికారికి లేదు. 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. (అదే తీర్పులో, బోర్డు పరీక్ష రాసిన విద్యార్థి దిద్దిన తన జవాబు పత్రాన్ని ఈ చట్టం కింద చూసుకోవచ్చని కూడా చెప్పింది. ఇంట్లో పరీక్షలు రాసే పిల్లలుంటే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.)

కాబట్టి చేయాల్సిందల్లా మీ మనసులో ఉన్న ప్రతి "ఎందుకు"నీ ఒక కాగితం పేరుగా మార్చడం. రోడ్డు ఎందుకు పాడైంది అని అడక్కుండా, ఆ రోడ్డు పని అంచనా (ఎస్టిమేట్) నకలు, కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంటు నకలు, కొలతల పుస్తకంలో ఆ పనికి సంబంధించిన పేజీలు, చెల్లించిన బిల్లులు, నాణ్యత పరీక్ష రిపోర్టు అడగండి. ఆఫీసుల్లో ఈ కొలతల పుస్తకాన్ని ఎం-బుక్ అంటారు, దరఖాస్తులో ఆ మాటే రాయండి. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత మందం వేశారో ఇంజినీరు సంతకంతో ఉండేది అందులోనే. అది చేతికొచ్చాక టేపు పట్టుకుని వెళ్ళి మీరే కొలుచుకోవచ్చు. నేను రెండోసారి అడిగింది ఇదే, ఐదు కాగితాలు, ఒక్క ప్రశ్నా లేదు. ఈసారి నెల కూడా పట్టలేదు, ఫోన్ వచ్చింది. "ఎందుకండీ ఇవన్నీ, ఏదైనా ఉంటే మాట్లాడుకుందాం కదా" అని. మాట్లాడుకోవడానికేం లేదండీ, నకళ్ళు పంపండి చాలు అన్నాను. వచ్చాయి. పుస్తకంలో ఆరంగుళాల మందం, పగిలిన చోట మేం కొలిస్తే నాలుగు కూడా లేదు. ఆ నకలు జతచేసి కలెక్టరేట్‌లో సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అర్జీ పెట్టాం. సగం రోడ్డు మళ్ళీ వేశారు. మిగతా సగం అలాగే ఉంది, ఇంకా తిరుగుతున్నాం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ చట్టంలో పని జరిగే చోటును పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన శాంపిలు తీసుకునే హక్కు కూడా ఉన్నాయి, సెక్షన్ 2(జె)లో. అంటే రోడ్డు వేస్తున్నప్పుడే సిమెంటు కాంక్రీటు శాంపిలు కావాలని దరఖాస్తు పెట్టొచ్చు. ఆ మాట వింటేనే పని తీరు కొంచెం మారడం నేను చూశా.

అసలు ఆర్‌టీఐ అవసరమా అన్నది ముందు చూసుకోండి. పొలం వివరాలైతే ఆంధ్రాలో మీభూమి, తెలంగాణలో ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతి వెబ్‌సైట్లలో చాలావరకు కనిపిస్తాయి. మీ పంచాయతీకి ఎంత డబ్బొచ్చింది, దేనికి ఖర్చు పెట్టారు అన్నది ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్లో ఊరి పేరు కొట్టి చూడొచ్చు, నేనైతే దరఖాస్తు రాసే ముందు అదే చూస్తా, పని పేరూ నంబరూ అక్కడే దొరికిపోతే మన దరఖాస్తుకు పదునొస్తుంది. అలాగే మీకు కావాల్సింది సమాచారం కాదు, పని జరగడం అయితే ఆర్‌టీఐ దానికి నేరుగా పనికిరాదు. దానికి తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో సోమవారం అర్జీలు తీసుకునే పీజీఆర్ఎస్, కేంద్ర శాఖలైతే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టే సీపీగ్రామ్స్ ఉన్నాయి. ఆర్‌టీఐతో కాగితం సంపాదించి, దాన్ని జతచేసి అక్కడ అర్జీ పెట్టడం మంచి పద్ధతి. ఉత్త అర్జీకీ, వాళ్ళ కాగితమే జతచేసిన అర్జీకీ తేడా కౌంటర్ దగ్గరే తెలిసిపోతుంది.

సరే, ఎవరికి రాయాలి? ప్రతి ప్రభుత్వ ఆఫీసులో పౌర సమాచార అధికారి ఉంటారు, పీఐఓ అంటారు. ఆయన పేరు, పైన మొదటి అప్పీలు వినే అధికారి పేరు రాసిన బోర్డు ఆఫీసులో పెట్టాలి. బోర్డు ఉంటే ఫోటో తీసుకోండి, లేకపోతే పేరు కోసం వెతుక్కోనక్కర్లేదు, "పౌర సమాచార అధికారి గారికి" అని రాసి ఆఫీసు పేరు, ఊరు వేస్తే చాలు. తప్పు ఆఫీసుకు వేసినా కంగారు పడకండి, సెక్షన్ 6(3) ప్రకారం వాళ్ళే 5 రోజుల్లోగా సరైన ఆఫీసుకు పంపి మీకు తెలియజేయాలి. "ఇది మా పరిధి కాదు" అని వెనక్కి తిప్పి పంపితే ఆ సెక్షన్ నంబరు ఒకసారి గుర్తుచేయండి.

ఫీజు సంగతి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు 10. నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు, లేదా పోస్టల్ ఆర్డర్ జతచేయొచ్చు, మన రాష్ట్ర ఆఫీసులకైతే చాలామంది కోర్టు ఫీజు స్టాంపు అంటించి పంపుతారు, అది సులువు కూడా. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు, తెల్ల రేషన్ కార్డు జిరాక్స్ పెడితే సరిపోతుంది. పోస్టల్ ఆర్డర్ నంబరు దరఖాస్తులోనే రాయండి, జిరాక్స్ తీసి దాచుకోండి, "ఫీజు అందలేదు" అన్న జవాబు నాకు రెండుసార్లు వచ్చింది.

తెలుగులో రాయొచ్చా అని అడుగుతుంటారు. నిక్షేపంగా రాయొచ్చు, ఆ ప్రాంతపు అధికార భాషలో దరఖాస్తు ఇవ్వొచ్చని చట్టంలోనే ఉంది. రాయడం రానివాళ్ళు నోటితో చెబితే పీఐఓనే రాసిపెట్టడంలో సాయం చేయాలి. ఫారం కోసం బయట కూర్చునే వాళ్ళకు యాభయ్యో వందో ఇవ్వకండి, తెల్లకాగితం చాలు. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, అడిగినా చెప్పొద్దు, సెక్షన్ 6(2) ఉంది.

ఎక్కువమందికి పనికొచ్చేది కాబట్టి, ఆగిపోయిన దరఖాస్తు గురించి నేను మా పిన్ని వితంతు పెన్షన్ కోసం రాసింది కొంచెం మార్చి ఇస్తున్నా. పెన్షన్ బదులు రేషన్ కార్డు, మ్యుటేషన్ (రికార్డుల్లో యజమాని పేరు మార్పు), కులధ్రువీకరణ, ఇంటి అనుమతి, ఏదైనా పెట్టుకోవచ్చు.

పౌర సమాచార అధికారి గారికి,
(ఆఫీసు పేరు, మండలం, జిల్లా)

విషయం: సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు.

నేను భారత పౌరురాలిని. ఫలానా తేదీన ఫలానా నంబరు రసీదుతో పెన్షన్ కోసం దరఖాస్తు ఇచ్చాను (రసీదు నకలు జతపరిచాను). దానికి సంబంధించి కింది వాటి ధ్రువీకరించిన నకళ్ళు ఇవ్వగలరు.

1. నా దరఖాస్తు ఏ తేదీన ఏ అధికారి దగ్గరకు చేరింది, ఏ తేదీన ముందుకు వెళ్ళింది అన్నది చూపే రిజిస్టరు పేజీలు లేదా ఆన్‌లైన్ స్టేటస్ ప్రింటు.
2. నా దరఖాస్తు మీద రాసిన నోట్ ఫైలు, విచారణ నివేదిక.
3. ఇలాంటి దరఖాస్తును ఎన్ని రోజుల్లో పరిష్కరించాలో తెలిపే ఉత్తర్వు లేదా సిటిజన్ చార్టర్.
4. నా దరఖాస్తు తేదీ తర్వాత అందిన ఇలాంటి దరఖాస్తుల రిజిస్టరు పేజీలు, అందిన తేదీ, మంజూరు తేదీ కనిపించేలా. పేర్లు, ఆధార్ నంబర్లు కొట్టేసి ఇవ్వవచ్చు.
5. పై ఫైలును నేను స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం.

ఫీజు వివరం, పూర్తి చిరునామా, ఫోన్ నంబరు, తేదీ, సంతకం.

ఇందులో నాలుగోదే అసలు మందు. మీ వెనక వచ్చినవాళ్ళకు మంజూరై మీది ఆగిందని ఆఫీసు రిజిస్టరే చెబితే ఇంక వాదించడానికేం మిగలదు. పేర్లు కొట్టేయమని మనమే రాయడం వెనక ఒక కారణముంది, కింద చెప్తా. మా పిన్ని విషయంలో ఏ కాగితమూ రాకుండానే పన్నెండో రోజున పెన్షన్ మంజూరైందని కబురొచ్చింది, ఆ తర్వాత "మీ పని అయిపోయింది కదా, దరఖాస్తు వెనక్కి తీసుకుంటారా" అని అడిగారు. పిన్ని తీసుకుందామంది, నేను వద్దన్నా, ఇంట్లో చిన్న గొడవే అయింది.

పంపడం ఎలా అంటే, చేతికిస్తే ఇంకో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. తపాల్ సెక్షన్‌లో "సార్ లేరు, రేపు రండి" అంటారు, రేపటి దాకా ఆగకుండా పోస్టాఫీసుకు నడవండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులోనే పంపి, అందినట్టు రుజువు కావాలని అడగండి, ట్రాకింగ్ పేజీ కూడా వెంటనే ప్రింటు తీసుకోండి, కొన్నాళ్ళకు ఆ వివరాలు సైట్లో కనిపించవు. కవరు మీద "ఆర్‌టీఐ దరఖాస్తు" అని పెద్దగా రాయండి. కొరియర్ మాత్రం వద్దు, అందలేదని వాళ్ళంటే మన దగ్గర గట్టి రుజువుండదు.

దరఖాస్తు వాళ్ళకు అందిన రోజు నుంచి 30 రోజులు గడువు. మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటలు, అంటే ఒకర్ని స్టేషనుకు తీసుకెళ్ళి ఎక్కడున్నారో చెప్పకపోవడం లాంటివి. దీన్ని రేషన్ కార్డుకు వాడకండి.

ఈ 30 రోజుల్లో ఆఫీసులు వేసే ఎత్తులు కొన్ని ఉన్నాయి, అందరూ అలా చేస్తారని కాదు కానీ తెలిసుండటం మంచిది. ఒకటి, మీరడిగింది 1,900 పేజీలు, పేజీకి 2 రూపాయల చొప్పున 3,800 కట్టండి అని ఉత్తరం. భయపడి చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగకండి, పరిశీలనకు తేదీ ఇవ్వమని తిరిగి రాయండి. మొదటి గంట పరిశీలనకు ఫీజు లేదు, వెళ్ళి కూర్చుని కావాల్సిన పది పేజీలు గుర్తుపెట్టి వాటికే డబ్బు కట్టండి. నమూనాలో ఐదో అంశం పెట్టింది అందుకే. ఒక్కరే వెళ్ళకండి, కాగితాలు చదవడం తెలిసిన ఇంకొకరిని వెంట తీసుకెళ్తే మేలు. అలాగే జిరాక్స్ ఖర్చు అడిగిన ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు డబ్బు కట్టిన రోజు దాకా 30 రోజుల లెక్క ఆగుతుంది, కాబట్టి ఆలస్యం చేయకుండా కట్టండి. గడువు దాటాక ఇస్తే మాత్రం నకళ్ళు ఉచితంగా ఇవ్వాలి, సెక్షన్ 7(6), అప్పుడు డబ్బు అడిగితే ఈ నంబరు చెప్పండి.

రెండోది "మూడో వ్యక్తికి సంబంధించినది, వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేము" అనడం. ఇది ఈ మధ్య ఎక్కువైంది, కారణం కూడా ఉంది. సెక్షన్ 8(1)(జె)లో వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదని ముందు నుంచీ ఉంది, కానీ ప్రజాప్రయోజనం ఉంటే, ప్రజా కార్యకలాపంతో సంబంధం ఉంటే ఇవ్వాలన్న మెలిక కూడా అక్కడే ఉండేది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ మెలికను తీసేసింది, ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. నా ఉద్దేశంలో ఇది ఈ చట్టానికి పడిన పెద్ద దెబ్బ, లబ్ధిదారుల జాబితాలో దొంగ పేర్లు పట్టుకోవడానికి పేర్లే కదా కావాలి. అయినా సెక్షన్ 8(2) మిగిలే ఉంది, ఇవ్వడం వల్ల కలిగే ప్రజాప్రయోజనం నష్టం కంటే ఎక్కువైతే ఇవ్వొచ్చని, తిరస్కరిస్తే అప్పీల్లో దాన్నే పట్టుకోండి. సెక్షన్ 10 కూడా ఉంది, ఇవ్వకూడని భాగాన్ని కొట్టేసి మిగతాది ఇవ్వాలని. పేర్లు కొట్టేసి ఇవ్వండి అని మనమే ముందు రాస్తే తిరస్కరించడానికి ఆ సాకు పోతుంది. ఒక అధికారి ఆస్తులు, సెలవులు, ఆయన మీద కేసులు అంటూ మనిషి వెంట పడొద్దు, దాదాపుగా రాదు. పని వెంట పడండి.

ఇక కేంద్ర ఆఫీసులు, అంటే పాస్‌పోర్టు, రైల్వే, ప్రభుత్వ బ్యాంకులు, పీఎఫ్ లాంటివి. వీటికి ఆర్‌టీఐఆన్‌లైన్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఇంట్లోంచే వేయొచ్చు, 3,000 అక్షరాలకు మించితే పీడీఎఫ్ జతచేయాలి. అక్కడ మన రాష్ట్ర ఆఫీసులకు వేయకండి, వెనక్కొస్తుంది, 10 రూపాయలు కూడా తిరిగి రావు. ప్రైవేటు బ్యాంకులు నేరుగా ఈ చట్టం కిందకు రావు. గూగుల్లో వెతికితే పైన వందలు గుంజే ప్రైవేటు సైట్లు కనిపిస్తాయి, చిరునామా చివర చూసుకుని తెరవండి. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు కూడా భారత పౌరసత్వం ఉంటే వేయొచ్చు, గ్రీన్‌కార్డు ఉన్నా ఫర్వాలేదు, పౌరసత్వం మార్చుకుని ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే కార్డు) తీసుకున్నవాళ్ళకు మాత్రం లేదు, ఊళ్ళో అన్నతోనో చెల్లెలితోనో వేయించుకోవాలి.

ఊళ్ళో పెద్దమనుషులతో, కాంట్రాక్టర్లతో ముడిపడిన విషయమైతే కొంచెం జాగ్రత్త. ఇది ధైర్యం చూపించే పోటీ కాదు. ఇంటి చిరునామా ఇవ్వడం ఇష్టం లేకపోతే పోస్ట్ బాక్స్ నంబరు ఇవ్వొచ్చు, 2013లో కలకత్తా హైకోర్టు అది చాలని చెప్పింది. వేరే ఊళ్ళో ఉన్న బంధువు పేరుతో వేయించినా తప్పేం లేదు, ఈ చట్టం కింద ఏ పౌరుడైనా ఏ ఊరి సమాచారమైనా అడగొచ్చు.

30 రోజులైనా జవాబు లేకపోతే, లేదా వచ్చింది అడ్డదిడ్డంగా ఉంటే, తర్వాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. ఇది అదే శాఖలో పీఐఓ కంటే పై అధికారికి. ఫీజు లేదు. ఒక పేజీ చాలు: ఏ తేదీన అడిగాను, ఏ తేదీన అందింది, ఏం వచ్చింది లేదా రాలేదు, ఏం ఇప్పించాలి. పాత దరఖాస్తు, పోస్టు రుజువు, వచ్చిన జవాబు నకళ్ళు జతచేయండి. ఆయన 30 రోజుల్లో, కారణాలు రాసి గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. నిజం చెప్పాలంటే సగం పనులు ఇక్కడే అవుతాయి, అయినా విచిత్రంగా ఎక్కువమంది ఈ మెట్టు ఎక్కరు, మొదటి జవాబు చూసి నీరుగారిపోతారు.

అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు, కేంద్ర ఆఫీసైతే కేంద్ర కమిషన్‌కు. ఇక్కడ ఓపిక కావాలి. తెలంగాణలో 2023 నుంచి 2025 మే దాకా కమిషన్‌లో కమిషనర్లే లేక అప్పీళ్ళు అలా పేరుకుపోయాయి. కానీ కమిషన్ దగ్గరున్న కర్ర చిన్నది కాదు, సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన పీఐఓకు రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా, అది ఆయన సొంత జేబులోంచి. ఇవ్వకపోవడం సరైనదేనని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత కూడా ఆయనదే, మనది కాదు. విచారణ నోటీసు రాగానే, లేదా వాయిదాకు సరిగ్గా ముందురోజు, అడిగిన కాగితాలన్నీ హడావిడిగా ఇంటికొస్తాయి, "సమాచారం అందింది, తృప్తిగా ఉంది" అని సంతకం పెట్టమంటారు. కాగితాలు తీసుకోండి. సంతకం మాత్రం "ఫలానా తేదీన, ఇన్ని రోజుల ఆలస్యంగా, ఇన్ని పేజీలు అందాయి" అని మీ చేత్తో రాసి, దాని కింద పెట్టండి.